నదిమీది పాత టగ్గు

విశాఖపట్టణపు ఓడరేవును చూచినవారికి టగ్గు అనగా నేమో తెలిసియే యుండును. నడిసముద్రమున నిర్భయముగా తిరుగు పెద్ద ఓడ ఇరుకైన రేవులోనికి వచ్చునప్పటికి తన భారమునకు తానే బందీ యగును. ఓడ కొంత వేగముతో పోవుచున్నప్పుడే దాని చుక్కాని బాగుగా పనిచేయును. రేవులోనో వేగము పనికిరాదు. అప్పుడొక చిన్న నౌక దాని చెంతకు వచ్చి, త్రాడు కట్టి లాగియో, ప్రక్కనానుకొని నెట్టియో దానిని గట్టునకు చేర్చును. ఆ చిన్న నౌకయే టగ్గు. వచ్చిన ఓడ పేరు పత్రికలలో పడును. దానిని తెచ్చిన టగ్గు పేరు ఎవ్వరును అడుగరు.

అట్టి టగ్గులలో నొకటి పేరుపొంది, ఒక నగరము నడుమ ఆదరముతో నిలుపబడి, వచ్చిపోవు వారిచే ఛాయాచిత్రములు తీయించుకొనిన వృత్తాంత మిది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పడమటి తీరమున, ఒరెగాన్ రాష్ట్రము కలదు. అందలి పెద్ద నగరము పోర్ట్‌లాండు. ఈ నగరమునకు పేరు వచ్చిన విధము వినోదకరమైనది. 1845లో ఆ స్థలమునకు యజమానులైన లవ్‌జాయ్, పెట్టిగ్రోవ్ అను నిద్దరిలో ఒకరు తన ప్రాంతపు బోస్టన్ పేరును, మరియొకరు తన ప్రాంతపు పోర్ట్‌లాండు పేరును పెట్టవలెనని పట్టుపట్టిరి. తగవు తీరక ఒక రాగి నాణెమును ఎగురవేసిరి. పెట్టిగ్రోవ్ గెలిచెను. ఆ నాణెమును నేటికిని ఆ రాష్ట్రపు చరిత్ర సంఘమువారు భద్రపరచియున్నారు.

నగరము నడుమగా విలామెట్ నది ఉత్తరముఖముగా ప్రవహించి, కొంతదూరము పోయి కొలంబియా మహానదిలో కలియును. సముద్రము అక్కడికి నదీమార్గమున సుమారు 100 మైళ్లు. అయినను సముద్రపు ఓడలు నదులవెంట నగరము వరకును వచ్చును. నది యెంత వెడల్పైనను ఓడకు అది సందు వంటిదే. పైగా అడుగడుగునకు వంతెనలు. స్టీల్ వంతెన 1912లోను, బర్న్‌సైడు వంతెన 1926లోను, మారిసన్ వంతెన 1958లోను నిర్మింపబడినవి. ఇన్ని స్తంభముల నడుమ, ప్రవాహమునకు లోబడి, ఒక ఓడను త్రిప్పుట సామాన్యమైన పని కాదు.

ఆ పనికై 1947లో ‘పోర్ట్‌లాండు’ అను పేరుతోనే ఒక ఉక్కు టగ్గు నిర్మింపబడెను. అంతకుముందు అదే పేరుగల కొయ్య టగ్గొకటి ఆ రేవున పనిచేసియున్నది. క్రొత్తదాని నిడివి 219 అడుగులు. దాని వెనుకభాగమున, తిరుగలివలె గాక నీటిమరవలె నిలువుగా తిరుగు ఒక పెద్ద చక్రము కలదు. ఆవిరియంత్రము ఆ చక్రమును త్రిప్పగా, దానికి బిగించిన పలకలు వరుసగా నీటిలో మునిగి నౌకను నడుపును. అమెరికాలో ఇట్టి వెనుకచక్రముతో కట్టబడిన ఆవిరి టగ్గులలో కడపటిది ఇదియే.

1947 నాటికి లోకమున మరచుట్టు వంటి ప్రొపెల్లర్లే వాడుకలో నుండగా, ఈ పాతకాలపు చక్రమేల యని మీకు సందేహము కలుగవచ్చును. నదిలో ఓడలను నడిపించు మార్గదర్శకులు దానినే కోరిరి. ప్రొపెల్లరు ముందునకు బలముగా నెట్టును గాని, వెనుకకు త్రిప్పినపుడు దాని బలము చాల తగ్గును. చక్రమునకు ముందు వెనుకలు ఒక్కటే. ఎటు త్రిప్పినను నీటిని గట్టిగా పట్టును. పెద్ద ఓడను నెట్టుట కంటె, సరియైన చోట ఆపుట కష్టము. ఆపుటలో ఈ చక్రము మేటి. చూచువారికి పాతదిగా కనబడినది, పనిచేయువారికి తగినదై యుండెనన్నమాట.

1952లో ఒక చలనచిత్ర ప్రదర్శన సందర్భమున ఈ టగ్గునకును, ‘హెండర్సన్’ అను పాత కొయ్య టగ్గునకును నదిపై పందెము జరిగెను. క్రొత్త ఉక్కు టగ్గు ఓడిపోయెను. ముసలి హెండర్సన్ గెలిచెను! కాని హెండర్సన్ నేడు లేదు. పందెమున గెలిచిన ఆ నౌకను చూడగోరువారికి నాటి ఛాయాచిత్రములును, అది కనబడిన ఆ చలనచిత్రమును దక్క వేరు గతి లేదు. ఓడినది మాత్రము 1981 వరకు కొలువుచేసి విశ్రమించెను. 1991లో దానిని నౌకా ప్రదర్శనశాల వారికి అప్పగించిరి. స్వచ్ఛందముగా వచ్చిన పనివారు తుప్పు గీకి, గొట్టములు మార్చి, మరల ఆవిరి పుట్టించిరి. 1997లో అది జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేర్చబడెను.

నడుమ దానికొక విచిత్రమైన వేషము పడినది. 1994లో వెలువడిన ‘మావెరిక్’ అను చలనచిత్రమునకై దానికి అలంకారములు తొడిగి, ‘లారెన్ బెల్’ అను విలాసనౌకగా చూపిరి. జీవితమంతయు ఓడలను మోసిన నౌక, తెరపై జూదరుల భవనమై వెలిగెను. కెమేరా అబద్ధమాడదని కొందరందురు. ఆ చిత్రమును చూచినవా రెవ్వరును దానిని కష్టజీవియైన టగ్గుగా గుర్తింపజాలరు. కావున ఇట్టి నౌకను చిత్రించువాడు మొదట నిర్ణయించుకొనవలసినది కటకమును గూర్చి కాదు, తాను ఏమి చూపదలచినాడో దానిని గూర్చి.

ప్రదర్శనశాలగా మారిన పిమ్మట ఈ టగ్గును నగరమునకు పడమటి ఒడ్డున, బర్న్‌సైడు, మారిసన్ వంతెనల నడుమ, నదీతీరపు ఉద్యానవనము ప్రక్కన కట్టిరి. ఆ ఉద్యానము చోట పూర్వము మోటారుబండ్ల రహదారి యుండెను. 1974లో దానిని మూసివేసి, పచ్చిక పరచిరి. ఉద్యానములో నిలిచి చూచినచో నౌక అతిసమీపముగా నుండి, 219 అడుగుల నిడివి ఒక్క చట్టములో ఇముడదు. విశాలదృష్టి గల కటకముతో ఇమిడింపవచ్చును గాని, అప్పుడు దగ్గరి కొస ఏనుగంతయు, దూరపు కొస ఎలుకంతయు అగును.

తూర్పు ఒడ్డున 2001లో ప్రారంభింపబడిన కాలిబాట మేలైన చోటు. ఉదయమున అక్కడ నిలిచినవాని వీపుపై ఎండ పడును. ఆ ఎండయే ఎదుటి నౌక ప్రక్కపై సూటిగా వ్రాలి, తెల్లని గదులను, కిటికీలను, చక్రపు పలకలను వేర్వేరుగా చూపును. సాయంకాలమున సూర్యుడు నగరము వెనుకకు పోవును. అప్పుడు నౌక నల్లని నీడవలెను, నీరు బంగారమువలెను కనబడును. పెక్కుమంది ఈ రెండవ చిత్రమునే కోరుదురు. అది అందమైనదే. కాని అందు చక్రమేది, చుక్కాని యేది, త్రాళ్ల రాపిడికి అరిగిన ఇనుప మొలక యేది? ఏ నౌకను నిలిపినను ఆ సాయంకాలపు చిత్రము అట్లే వచ్చును. నా మట్టుకు ఉదయపు చిత్రమే మిన్న.

మారిసన్ వంతెనపైనుండి ఉత్తరముగా చూచిన పక్షమున ఎండ వెనుకనుండి వచ్చును. బర్న్‌సైడు వంతెననుండి దక్షిణముగా చూచినచో సూర్యునకు ఎదురు నిలువవలెను. వంతెనపై మరియొక చిక్కు కలదు. బండ్లు పోవునప్పుడు వంతెన సన్నగా కంపించును, దానితో ముక్కాలి పీటయు కంపించును. సందు చూచి మీట నొక్కవలెను.

తెల్లని నౌకలు కెమేరాను మోసగించును. కాంతిని కొలుచు మర ప్రతి దృశ్యమును నడిమి బూడిదవన్నెదిగా భావించును. కావున తెలుపు ఎక్కువగా నున్నచో చిత్రము మాసినట్లు వచ్చును. కొంచెము ఎక్కువ వెలుతురు ఈయవలెను. నౌక కదలుచుండగా తీయు భాగ్యము కలిగినచో, చక్రమును గూర్చి యోచింపవలెను. సెకనులో 500వ వంతు కాలమున తీసిన చిత్రములో చక్రము రాయివలె నిలిచిపోవును; 30వ వంతున తీసినచో పలకలు మసకబారి, నీటితుంపరలు తీగలుగా సాగి, అది తిరుగుచున్నదని కన్నులకు తెలియును. మొదటిది చక్రము నిర్మాణమును చెప్పును, రెండవది దాని పనిని చెప్పును. రెండును తీయుట మంచిది.

ఇక చిత్రము వెనుకనున్న ఆకాశహర్మ్యములు. నౌకకు ప్రాచీనత కలుగవలెనని కొందరు వానిని తొలగించి చూపుదురు. నేటి యంత్రములతో అది చిటికెలో పని. కాని ఆ టగ్గు తెచ్చిన ఓడలలోని సరకులతోనే కదా ఆ నగరము పెరిగినది! మేడలను తుడిచివేసినచో, పనివాని ప్రక్కనుండి అతడు కట్టిన యింటిని తీసివేసినట్లగును.

చిత్రము అచ్చువేసిన వెంటనే దాని వెనుక, పెన్సిలుతోనైనను, నౌక పేరు, తేది, వేళ, నిలిచిన చోటు, చూచిన దిక్కు వ్రాయవలెను. ‘పోర్ట్‌లాండు, విలామెట్ నది, మారిసన్ వంతెననుండి ఉత్తరముగా, ఉదయము 9 గంటలు’ అని ఒక్క పంక్తి చాలును, తేది మరువరాదు.