రాజు బల్లయొద్ద కుంటివాడు

వాక్యపాఠము: 2 సమూయేలు 9వ అధ్యాయము, 4:4, 13:1–22



సిగ్గు అంతయు చెడ్డది కాదు. అబద్ధమాడి దొరికిపోయినవాడు తల వంచుకొనుట మంచిదే. ఆ సిగ్గు వానిని ఒప్పుకోలునకు నడిపించును. ఒప్పుకొని సరిచేసికొనిన తరువాత తన దారిని తాను పోవును. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని నిలువబడి చెప్పిన దినమున అతని సిగ్గుకు పని తీరిపోయెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయములో పౌలు దేవునికి ఇష్టమైన దుఃఖమును, లోకసంబంధమైన దుఃఖమును వేరుచేసి, మొదటిది రక్షణకును రెండవది మరణమునకును దారితీయునని బోధించెను.

ఈ నెల మన పాఠము ఆ రెండవదానిని గూర్చినది. దానికి ఒప్పుకొనదగిన పాపము ఒక్కొక్కప్పుడు ఉండనే ఉండదు. ఉన్నను, ఎన్నిమార్లు మోకరించి ఒప్పుకొనినను అది పోదు. మంచి సిగ్గు “నేను తప్పు చేసితిని” అనును. ఈ సిగ్గు “నేనే తప్పు” అనును. అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో ప్రచురించిన గ్రంథములో ఈ భేదమునే వివరించెను. అపరాధభావము చేసిన పనిని చూచును, సిగ్గు చేసిన మనిషిని చూచును అని ఆమె విచారణ సారాంశము. వైద్యమునకు వచ్చినవారి సంభాషణలను పరిశీలించి, ఈ సిగ్గు పేరు చెప్పుకొనక దాగియుండుననియు, దాగినది తరచుగా కోపమై బయటికి వచ్చుననియు ఆమె కనుగొనెను.

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. యోనాతానునకు మెఫీబోషెతు అను కుమారుడుండెను. హెబ్రీ భాషలో “బోషెతు” అనగా సిగ్గు. దినవృత్తాంతముల మొదటి గ్రంథములో (8:34) ఇతని పేరు మెరీబ్బయలు అని యున్నది. బయలు అను విగ్రహము పేరు పలుకుట యిష్టములేక ఆ స్థానమున సిగ్గు అను మాటను వ్రాసిరని పండితులు అనేకులు చెప్పుదురు. కారణమేదైనను, ఈ మనిషి సిగ్గును తన పేరులోనే మోయుచు మనకు కనబడుచున్నాడు.

ఇతడు కుంటివాడు. ఎట్లు కుంటివాడాయెను? ఇతనికి అయిదేండ్లున్నప్పుడు, సౌలును యోనాతానును యుద్ధములో చనిపోయిరను వార్త వచ్చెను. దాది బిడ్డను ఎత్తుకొని పరుగెత్తెను. తొందరలో బిడ్డ పడిపోయెను. ఇది 4వ అధ్యాయములో ఒక్క వచనములో చెప్పబడినది. ఇందులో బిడ్డ చేసిన తప్పేమి? ఏమియు లేదు. దాది కూడ బిడ్డను బ్రదికింపవలెననియే పరుగెత్తినది. అయినను ఏండ్లు గడచిన తరువాత దావీదు ఎదుటికి వచ్చినప్పుడు ఇతడు సాష్టాంగపడి, తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. పడవేసినది ఒకరి చెయ్యి. ఆ పేరు పెట్టుకొనినది మాత్రము పడిన బిడ్డ. ఈ సిగ్గు పనిచేయు విధమంతయు ఇక్కడనే యున్నది.

మన జనమునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మన తాతముత్తాతలలో అనేకులకు ఊరి బావిలో తమ చేతులతో నీళ్లు తోడుకొను హక్కు లేకుండెను. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. ఆచారము మాత్రము అన్నిచోట్ల చావలేదు. చచ్చినచోట్ల సహితము, పెద్దయింటి అరుగు ముందు తనంతట తానే నడుము వంగు మనుష్యులున్నారు. ఆ వంపును చూచి పిల్లలు నేర్చుకొనుచున్నారు. ఇది వారు చేసిన పాపము కాదు, వారికి చేయబడిన పాపము. దీనిని పశ్చాత్తాపపు ప్రార్థనతో పోగొట్టబూనుట, కాలు విరిగినవానికి జ్వరపు మందు ఇచ్చుటవంటిది.

దీనిని గుర్తించుట సులభము కాదు, ఏలయనగా అది భక్తివేషము వేసికొనగలదు. సంఘములో ఒక సహోదరి యుండును. ప్రతి ప్రేమవిందులోను బియ్యము ఏరును, వండును, వడ్డించును, అంట్లు తోమును; విస్తరి ముందు మాత్రము ఎన్నడును కూర్చుండదు. మనము దానిని తగ్గింపు అని మెచ్చుకొందుము. ఒకవేళ తగ్గింపే కావచ్చును. అయితే “అమ్మా, ఈ పూట నీవు కూర్చుండుము, నేను వడ్డించెదను” అని చెప్పి చూడుడి. తగ్గింపు గల స్త్రీ నవ్వి కూర్చుండును. సిగ్గు పట్టిన స్త్రీ భయపడును. మరియొకడు సంస్కారపు ఆదివారమున తప్పక పొరుగూరికి పోవును. ఇంకొకడు పంట పోయి అప్పులపాలైన నాటినుండి గుడిలో వెనుక గోడకు ఆనుకొని, ఆశీర్వచనమునకు ముందే లేచిపోవును. ఇంటికి చేరి చిన్న మాటకే భార్యాబిడ్డలపై మండిపడును. పదియవ తరగతి తప్పిన పిల్లవాడు తలుపు వేసికొని యుండును. వీరిలో ఎవరును “నాకు సిగ్గుగా నున్నది” అని చెప్పరు. పొగడితే తప్పుకొందురు, గద్దించితే వెంటనే ఒప్పుకొందురు. ఈ రెండవది చూచి బోధకులమైన మేము మోసపోవుట కద్దు. గద్దింపునకు ఇంత త్వరగా లోబడినవాడు మారినాడనుకొందుము. వాడు లోలోపల ముందే నమ్మియున్నదానిని మేము ధ్రువపరచితిమి, అంతే.

దావీదు ఏమి చేసెనో చూడుడి. మొదట అతడే వెదకెను. కుంటివాడు లోదెబారులో, మాకీరు అనువాని యింట, పరుల పంచను ఉండెను, తానై వచ్చియుండడు. రెండవది, దావీదు పేరుపెట్టి పిలిచెను, భయపడవద్దనెను. మూడవది, సౌలు భూములను అతనికి మరల ఇప్పించి, సేద్యము చేయుటకు సీబాను, వాని పదిహేనుగురు కుమారులను, ఇరువదిమంది పనివారిని నియమించెను. పోయిన భూమిని గూర్చి ఓదార్పు మాటలు చెప్పి పంపలేదు. ఇక కుక్క అను మాటకు అతడు చెప్పిన జవాబేమి? ఏమియు చెప్పలేదు. వాదింపలేదు, గద్దింపలేదు, సీబాను పిలిచి తన యేర్పాటు చెప్పెను. ఆ అధ్యాయములో రాజు బల్లయొద్ద భోజనము అను సంగతి నాలుగుమార్లు వచ్చుచున్నది. నిన్ను నీవు అట్లు అనుకొనకుము అని ఒకనాడు చెప్పిన మాట కాదు, ప్రతిదినము చూపిన చోటు అతనికి ఔషధమాయెను. చివరి వచనములో అతని రెండు కాళ్లును ఇంకను కుంటివే. ఎవరును వాటిని దాచుమనలేదు.

నేటి మనోవైద్యులు చేయు పని దీనికి దూరమైనది కాదు. వారు రోగిని తొందరపెట్టరు. కొంచెము కొంచెముగా చెప్పనిత్తురు. అప్పుడు నీకు ఎన్నియేండ్లు? నిన్ను ఎత్తుకొనినది ఎవరు? పడవేసినది ఎవరు? ఇట్లు అడుగుచు, ఎవరి భారము వారిమీద ఉంచుట నేర్పుదురు. బ్రిటను దేశపు వైద్య మనస్తత్వజ్ఞుడు పాల్ గిల్బర్ట్ ఒక సంగతి గమనించెను. ఇట్టివారు తాము దోషులము కామని బుద్ధితో ఒప్పుకొందురు గాని హృదయము ఒప్పదు. ఏలయనగా తమతో తాము మాటలాడుకొను స్వరమే కఠినమైనది. కావున కనికరముగల స్వరముతో తమతో మాటలాడుకొనుట అభ్యాసము చేయించు వైద్యపద్ధతిని అతడు ఏర్పరచెను. దీనికి వారములు, నెలలు పట్టును. వైద్యునియొద్దకు పోవుట విశ్వాసలోపము కాదు. లూకా వైద్యుడని మనకు తెలియును.

ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. 13వ అధ్యాయములో దావీదు కుమార్తె తామారును ఆమె అన్న అమ్నోను బలాత్కరించెను. ఆమె తలపై బూడిద పోసికొని కేకలు వేయుచు పోయెను. అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. దావీదునకు మిక్కిలి కోపము వచ్చెను. అతడు ఆమెకొరకు ఏమైనను చేసినట్లు వ్రాయబడలేదు. పరుల యింటి కుంటి బిడ్డకు బల్లయొద్ద చోటిచ్చిన రాజు తన యింటి బిడ్డకు చోటివ్వలేదు. రెండు సంవత్సరముల పిమ్మట అబ్షాలోము అమ్నోనును చంపించెను గాని ఆమె దుఃఖము తీరినట్లు గ్రంథములో లేదు.

మన సంఘములును అన్యులకు విందులు చేసి, స్వంత కుమార్తెలను ఊరకుండుమని చెప్పుచున్నవి. పరువు పోవుననుచున్నాము. ఎవరి పరువు? పదునెనిమిదేండ్లలోపు బిడ్డకు ఇట్టి కీడు జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము విధించుచున్నది. 1098 నంబరు పిల్లల సహాయము కొరకైనది. సంఘపెద్దలు కూర్చుండి రాజీ చేయుటకు ఇది పొలము గట్టు తగవు కాదు. పెద్దవయస్సు స్త్రీ అయినచో, చెప్పుటయు చెప్పకుండుటయు ఆమె యిష్టము. సాక్ష్యపు కూటములో నిలువబెట్టి చెప్పించుట ఆమెను రెండవమారు పడవేయుట.

మాటలాడ మనిషి దొరకనివారికి 14416 అను టెలిఫోను కలదు. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో ప్రారంభమైనది. రాత్రింబగళ్లు, ఉచితముగా, తెలుగులోను మాటలాడవచ్చును. వైద్యునితో చెప్పినది రహస్యముగా ఉండు హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇచ్చుచున్నది. ఎవరైనను “నేను లేకుండుటే మేలు” అని యన్నచో దానిని ఊరక పోనియ్యక, వారిని ఒంటరిగా విడువకుడి. ఇంటిలోని పురుగుమందును ఆ దినమే పొరుగువారియొద్దకు చేర్చుడి. ఆసుపత్రికి పోవుటకు సిగ్గుపడువారితో పాస్టరమ్మగారో స్త్రీల సమాజపు సహోదరియో బస్సెక్కి కూడ పోవలెను.

ఈ నెల గృహకూటములలో 9వ అధ్యాయమును బిగ్గరగా చదివి, 8వ వచనము ముగియగానే ఆగుడి. దావీదు ఇచ్చట ఏమి చెప్పవచ్చును, ఏమి చెప్పలేదు అని చిన్నవారితో మొదలుపెట్టి అందరిని అడుగుడి. పిదప 13వ వచనము వరకు చదివి, మన ప్రేమవిందులో ఇంతవరకు కూర్చుండనివారు ఎవరో జ్ఞాపకము చేసికొనుడి. పేర్లు కూటములో పైకి చెప్పవద్దు. మరునాడు వారి యింటికి పోయి పిలువుడి.