పాత తలుపుకు కొత్త మెరుగు

అది పాత పెంకుటిల్లు. వీధి తలుపు టేకుది. ఏళ్ల తరబడి పండగ పండక్కీ ఆకుపచ్చ రంగు వేస్తూ వచ్చారు. పూత మీద పూత పడి, ఇప్పుడు రంగు పెచ్చులు లేస్తోంది.

పాత సామాన్లు కొనే అతను చూశాడు. "తలుపు పాడైపోయింది కదమ్మా! నాకిచ్చెయ్. రేకు తలుపు పెట్టించుకో" అన్నాడు.

ఇల్లాలు తొందరపడలేదు. వీధి చివర ఉండే వడ్రంగిని పిలిచింది. అతను సన్నని మేకుతో తలుపు కింది అంచున, మూలల్లో గుచ్చి చూశాడు. మేకు దిగలేదు.

"చెక్క గట్టిగా ఉంది చెల్లెమ్మా! మేకు మెత్తగా దిగితే పుచ్చిందని అర్థం. దీనికి పోయింది పైరంగే. నువ్వే రుద్ది, వార్నిష్ వేసుకోవచ్చు" అన్నాడు.

ఇల్లాలు వెంటనే గరుకు కాగితం తెచ్చి రుద్దబోయింది. పక్కనే అరుగు మీద కడుపుతో ఉన్న కోడలు, రెండేళ్ల మనవడు కూర్చుని ఉన్నారు.

"ఆగు చెల్లెమ్మా! ముందు వాళ్లను పక్కింటికి పంపు. పాత రంగులో సీసం ఉండొచ్చు" అన్నాడు వడ్రంగి.

రంగులో సీసం

సీసం ఒక లోహం. రంగు త్వరగా ఆరాలని, ఎక్కువ కాలం నిలవాలని పూర్వం రంగుల్లో సీసం కలిపేవారు. పాత రంగును పొడిగా రుద్దితే సన్నని దుమ్ము లేస్తుంది. అది ముక్కులోకి పోతుంది. నేల మీద, గిన్నెల మీద పడుతుంది. పిల్లలు నేల మీద పాకి, వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. అలా సీసం ఒంట్లో చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. చదువు సరిగా ఒంటపట్టదు. తల్లి ఒంట్లో చేరిన సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2016లో దీని మీద నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇళ్లకు వేసే రంగులో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదు. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. అందుకని ఉందనే అనుకుని పని చేయాలి.

రంగు తీసేటప్పుడు

1. తలుపును బందుల నుంచి ఊడదీసి ఆరుబయట పెట్టాలి. ఇద్దరు పట్టుకోవాలి.
2. పిల్లలు, గర్భిణులు దగ్గరకు రాకూడదు.
3. రంగును పొడిగా రుద్దకూడదు. 'వాటర్ పేపర్' అని అడిగి తెచ్చుకోవాలి. నీళ్లు చల్లుతూ దానితో రుద్దాలి.
4. మంట పెట్టి రంగు కాల్చకూడదు. ఆ పొగ కూడా విషమే.
5. కొంగు అడ్డం కట్టుకుంటే దుమ్ము ఆగదు. ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి.
6. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరవాలి. రాలిన రంగును మూటగట్టి చెత్తబండికి ఇవ్వాలి. పెరట్లో పోయకూడదు.
7. నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం తినాలి. ఆ చీర విడిగా ఉతకాలి.

కాగితం వెనక అంకె

గరుకు కాగితం వెనక ఒక అంకె ఉంటుంది. ఇల్లాలు చదివింది. ఒకదాని మీద 80, ఒకదాని మీద 120, ఇంకోదాని మీద 220.

"220 పెద్దది కదన్నా! అదే బాగా గరుకా?" అని అడిగింది.

"కాదు చెల్లెమ్మా. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. అంకె పెరిగేకొద్దీ కాగితం నున్నన" అన్నాడు వడ్రంగి.

రంగు తీయడానికి 80 అంకె వాటర్ పేపర్ వాడాలి. తర్వాత తలుపును నీడలో బాగా ఆరనివ్వాలి. అప్పుడు 120తో, చివర 220తో రుద్దాలి. చెక్కలో గీతలు కనిపిస్తాయి. ఆ గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీరుకుపోతుంది. చిల్లులుంటే రంపపు పొట్టులో చెక్క జిగురు కలిపి పూడ్చాలి. పని అంతా అయ్యేదాకా పిల్లల్ని దూరంగానే ఉంచాలి.

వార్నిష్ వేయడం

వీధి తలుపుకు లక్క పాలిష్ పనికిరాదు. వాన తగిలితే తెల్లమచ్చలు పడతాయి. వార్నిష్ మేలు. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూసి కొనాలి. మొదటి పూతలో కొంచెం టర్పెంటైన్ కలిపి పల్చగా వేయాలి. అది పూర్తిగా ఆరాక 220తో తేలిగ్గా రుద్ది, తుడిచి, రెండో పూత వేయాలి. మూడోదీ అలాగే.

టర్పెంటైన్ దగ్గర పొయ్యి, బీడీ, దీపం ఉండకూడదు. వార్నిష్, అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరచాలి.

మూడో పూత ఆరింది. ఇల్లాలు అరుగు, గడప మరోసారి తడిగుడ్డతో తుడిచింది. అప్పుడు కోడల్ని, మనవణ్ణి ఇంటికి పిలిచింది. తలుపు మళ్లీ గుమ్మానికి ఎక్కింది.

చెప్పండి, రాయండి

1. చెక్క పుచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?
2. 80, 220 కాగితాల్లో ఏది ఎక్కువ గరుకు?
3. పాత రంగును పొడిగా ఎందుకు రుద్దకూడదు?
4. మీ ఇంట్లో రంగు పెచ్చులు లేచే చోట్లు ఏవి? పిల్లలు అక్కడ ఆడుతున్నారా?