ఎలుకకు పెట్టిన ఎర గుడ్లగూబకెలా చేటు?

ప్రశ్న: మాది కోనసీమ. వరిచేలో ఎలుకలకు బ్రోమాడియోలోన్ ఎర పెట్టాం. వారం తిరక్కుండానే గట్టు మీద తెల్లముఖం గుడ్లగూబ చచ్చి పడి ఉంది. ముక్కు దగ్గర నెత్తురు. ఎర అది ముట్టలేదు కదా, ఎలా చచ్చింది?
– ఒక రైతు

జవాబు: పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేం కానీ, అనుమానం అది తిన్న ఎలుక మీదికే పోతుంది. ఈ మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసించి, తూలుతూ, పట్టపగలే బయట తిరుగుతుంది. గుడ్లగూబకూ గద్దకూ అంత తేలికగా దొరికే వేట మరొకటి ఉండదు. ఎలుక కాలేయంలో నిలిచిన మందు అలా పక్షి ఒంట్లో చేరుతుంది. రాత్రంతా మీ చేను కాసే పక్షినే మనం పోగొట్టుకుంటున్నాం.

ఇకపై ఇలా చేయండి:

• సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయండి. తెల్లారేసరికి తెరుచుకున్నవాటిలోనే పొట్లం లోపలికంటా పెట్టండి. గట్ల మీద చల్లొద్దు.

• ఎర పెట్టాక రోజూ గట్లు తిరగండి. చచ్చిన ఎలుకలను చేతితొడుగులతో తీసి లోతుగా పాతిపెట్టండి. కాలువలో వేయొద్దు.

• వీలైనచోట మందుకు బదులు ఎలుక బుట్టలు పెట్టండి. ఊరి రైతులంతా ఒకేసారి, పైరు పొట్టకు రాకముందే పట్టండి.

• పక్షులు వాలడానికి చేలో కర్రలు నాటండి. ఎర పెట్టిన రోజుల్లో మాత్రం తీసేయండి.

తూలుతున్న పక్షి కనిపిస్తే నీళ్లు పోయకుండా, గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి వెంటనే అటవీశాఖకు, పశువైద్యుడికి చెప్పండి. మందు పేరు కూడా చెప్పండి. సకాలంలో విటమిన్ కె1 ఇస్తే బతికే అవకాశం ఉంది. ఎర మీ ఇంట్లో ఎవరైనా మింగితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.