ఉష్ణగుండమునకు యాత్ర: ముందుగా వేసికొనవలసిన లెక్కలు

సెలవులు రాగానే మన ప్రాంతపు యువకులు మోటారు సైకిళ్ళపై జట్టుగా దూరయాత్రలకు బయలుదేరుట పరిపాటియైనది. వేడినీటి ఊటను చూడగోరువారికి మన రాష్ట్రముననే, దక్షిణ కన్నడ జిల్లా పుత్తూరు తాలూకాలోని ఇర్దె గ్రామమున బెంద్రుతీర్థము గలదు. తుళు భాషలో బెంద్రు అనగా వేడినీరు. కెంచార్లహళ్ళి నుండి అచ్చటికి జట్టుగా పోయి క్షేమముగా తిరిగివచ్చుట యెట్లో ఆలోచింతము.

మొదట ఒక సందేహము తీర్చుకొందము. వేడినీరున్న చోటనెల్ల అగ్నిపర్వతముండునా? జపాను, ఐస్‌లాండు దేశములలో పెక్కుచోట్ల అట్లే యుండును. మన దేశమున నేడు రగులుచున్న అగ్నిపర్వతము అండమాను సముద్రమందలి బారెన్ ద్వీపముననే కలదు. బెంద్రుతీర్థము అట్టిది కాదు. వాననీరు రాతిపగుళ్ళ గుండ లోతునకు దిగి, భూగర్భపు వేడిమిచే కాగి, మరల పైకి వచ్చును. ఈ వేడిమికి సాక్ష్యము మన పొరుగుననే యున్నది. కోలారు బంగారు గనులలో సుమారు 3 కిలోమీటర్ల లోతున శిల 60 డిగ్రీలు దాటి వేడిగా నుండుటచే, పనివారికి యంత్రములతో చల్లగాలి పంపెడివారు. ఆ గనులు 2001లో మూతపడినవి. కావున పొగలు చిమ్ము కొండను చూతుమని ఆశింపరాదు. చూడబోవునది వెచ్చని నీటి గుండము. నీటి మట్టమును ముందుగా విచారించుకొనుట మంచిది.

ఇక దారి. చింతామణి, హొసకోటె, బెంగళూరు, హాసన్, సకలేశపురము, శిరాడి ఘాటు, ఉప్పినంగడి, పుత్తూరుల మీదుగా ఒకవైపు సుమారు 420 కిలోమీటర్లు. దీనిని ఒక్క దినమున ముగింపబూనుట అవివేకము. మొదటి దినము హాసన్ వరకు 280 కిలోమీటర్లు. గంటకు 40 చొప్పున 7 గంటలు పట్టును. ఉదయము 6 గంటలకు బయలుదేరి, భోజనమునకును నగరపు రద్దీకిని మరి 2 గంటలు కలుపుకొన్నను, పొద్దుండగనే చేరవచ్చును. మరునాడు ఘాటును పగటివేళనే దిగవలెను. జూన్ నుండి సెప్టెంబరు వరకు అచ్చట కొండచరియలు విరిగిపడు భయము గలదు. ఆ నెలలు విడుచుట మేలు.

రానుపోను 840 కిలోమీటర్లు. లీటరుకు 40 కిలోమీటర్లు నడచు బండికి 21 లీటర్ల పెట్రోలు, ఆరు బండ్లకు 126 లీటర్లు కావలెను.

జట్టులో మెల్లగా నడపువాని వేగమే అందరి వేగము కావలెను. అనుభవము గలవాడొకడు ముందును, మరొకడు చివరను ఉండవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోవును. ముందు బండికి 2 సెకన్ల ఎడము, అనగా 28 మీటర్లు, విడువనిచో బ్రేకు వేయుటకు వ్యవధి చాలదు. వెనుక కూర్చున్నవారికిని హెల్మెట్టు తప్పదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "మా పిల్లవాడు చక్కగా నడపును" అనుట చాలదు. గేరు బండికి లైసెన్సు 18 ఏండ్లు నిండిన పిమ్మటనే లభించును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, బాలుడు బండి నడపి నేరము చేసినచో సంరక్షకునకు 25,000 రూపాయల జరిమానాయు, 3 ఏండ్ల వరకు కారాగారమును విధింపవచ్చును. జరిమానా కట్టి తీర్చుకొనవచ్చును గాని, పోయిన ప్రాణమును ఏమిచ్చియు తేలేము.

విద్యార్థులారా! పుత్తూరునకు బస్సులును గలవు. ఊటను చూచుటకు మీరు బండి నడపనక్కరలేదు. ఈ లెక్కలను మీ అన్నలకు వ్రాసి యిండు. బయలుదేరుటకు ముందు వారిచేత చదివింపుడు.