ఇంటర్నెట్ కనెక్షన్: న్యాయమైన ధర, వినియోగదారుని హక్కులు



లీటరు ధర ఒక్కటే అడిగి మనలో ఎవరూ పాలకేంద్రంలో పాలు పోయరు. వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అని చూసుకొని, చీటీ చేత పుచ్చుకొని గాని ఇంటికి పోరు. కొలత తెలియని ధర ధరే కాదన్నది సంఘం మనకు నేర్పిన మొదటి పాఠం. ఇంటర్నెట్ కనెక్షన్ విషయంలో మాత్రం ఈ పాఠాన్ని మరచిపోతున్నామని, చిత్తూరు, తిరుపతి జిల్లాల సంఘాలకు తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు చూపే బిల్లులను బట్టి మాకు తోస్తున్నది. పిల్లల చదువు, బ్యాంకు పని, పాలబిల్లు జమ నేడు ఈ తీగమీదనే ఆధారపడి ఉన్నవి గనుక ఈ సంగతులు తెలుసుకోవడం అవసరం.

ప్రకటించిన ధర, అసలు ఖర్చు

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ మన రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల పథకంలో ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామని నాడు ప్రకటించారు. పల్లెవాసులు కూడా చౌక ధర ఆశించవచ్చునని దానితో తెలిసింది. అయితే ఏ కంపెనీ విషయంలోనైనా ప్రకటించిన ధర వేరు, ఇంటికి వచ్చే బిల్లు వేరు. నెల అద్దె 500 రూపాయలైతే 18 శాతం జి.ఎస్.టి. 90 రూపాయలు కలిసి 590 అవుతుంది. పెట్టె అద్దె, తీగ లాగిన కూలి, డిపాజిట్టు వేరుగా ఉండవచ్చు. కనుక నెల లెక్క కాక, ఏడాది లెక్క వేసుకోవాలి.

కొలతలో మెలకువ

కాగితంలో "100 ఎంబీపీఎస్ వరకు" అని ఉంటుంది. ఈ "వరకు" అన్న మాటను గమనించాలి. ఆరు శాతం వరకు వెన్న అంటే ఎంత ఉన్నట్టు? మూడే ఉన్నా ఆ మాట అబద్ధం కాదు గదా! 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్‌కు ఉండవలసిన కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 512 కేబీపీఎస్ నుండి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. మనం చెల్లించే ధరకు కనీసం ఎంత వేగం ఇస్తారో రాయించుకోవాలి.

మరొక మెలిక ఉన్నది. వేగాన్ని బిట్లలో చెబుతారు, దించుకునే ఫైలు పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైటు. అనగా 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 5 మెగాబైట్లకు మించి రావు. వేగం కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నవి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కొలిచి తేదీ వేసి రాసుకోవాలి.

సంతకానికి ముందు అడగవలసినవి

1. పన్నుతో సహా ఏడాదికి మొత్తం ఎంత?
2. ఈ ధర ఎన్ని నెలలు ఉంటుంది?
3. "అన్‌లిమిటెడ్" అన్నప్పటికీ ఎంత డేటా దాటితే వేగం ఎంతకు తగ్గుతుంది?
4. మధ్యలో మానుకుంటే డిపాజిట్టు ఎప్పుడు తిరిగి ఇస్తారు?
5. తీగ తెగితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఆ రోజుల అద్దె తగ్గిస్తారా?

జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. ప్రతి చెల్లింపుకు రసీదు తీసుకోవాలి.

చట్టం ఇచ్చిన రక్షణ

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుండి అమలులో ఉన్నది. మితిమీరిన డిపాజిట్టు, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, తగిన కారణం లేకుండా ఒక పక్షమే రద్దు చేసుకునే అధికారం వంటి షరతులతో వినియోగదారుని హక్కులను దెబ్బతీసే ఒప్పందాన్ని ఈ చట్టం అనుచిత ఒప్పందంగా పరిగణిస్తుంది. దానిపై రాష్ట్ర కమిషన్‌కు, సేవాలోపంపై జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం తగాదాలు వినియోగదారుల ఫోరాలకు రావని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఉండేది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు ఫోరాలకు ఆ అధికారం ఉన్నదని స్పష్టం చేసింది.

ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోవాలి. పరిష్కారం కాకపోతే ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. కేసు వేయదలచినవారు రెండేళ్లలోగా తమ జిల్లాలోనే వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా అక్కడికి పోనక్కరలేదు. సేవకు చెల్లించినది 5 లక్షల రూపాయలలోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు.

ఒక హెచ్చరిక. వ్యాపార ప్రయోజనం కోసం తీసుకున్న సేవకు ఈ చట్టం సాధారణంగా వర్తించదు. కనుక సంఘం పేరున కనెక్షన్ తీసుకునేటప్పుడు పై షరతులన్నీ ఒప్పందంలోనే రాయించి, పాలకవర్గం తీర్మానంతో సంతకం చేయాలి.

వచ్చే సమావేశానికి సభ్యులందరూ తమ ఇంటర్నెట్ బిల్లులు తీసుకురావాలని మా సూచన. ఒకే ఊరిలో ఒకే వేగానికి ఎవరెవరు ఎంత కడుతున్నారో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఇల్లు అడిగితే పట్టించుకోని కంపెనీ, ఇరవై ఇళ్లు కలిసి అడిగితే మాట వింటుంది. పాల విషయంలో మనం చేసినది ఇదే గదా!