వెనకాల నడిచే ఈమాక్స్‌కు ఏం చెప్పాలి

ఆర్గ్ మోడ్‌లో పుస్తకమంత పత్రాలు రాసే కుర్రవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఎడిటర్ బిగుసుకుపోతోంది, ఏం చెయ్యాలి? వెనకాల నడపండి అంటాను. నడిపి, ఇంకో ఫిర్యాదుతో తిరిగొస్తారు. వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు.

1. కంట్రోల్-సి, కంట్రోల్-ఇ నొక్కితే వచ్చే మెనూలో కంట్రోల్-ఎ నొక్కండి. పని వెనక్కి పోతుంది. ఎప్పుడూ అలాగే జరగాలంటే ఆర్గ్-ఎక్స్‌పోర్ట్-ఇన్-బ్యాక్‌గ్రౌండ్‌ను ఆన్ చేసి పెట్టుకోండి.

2. వెనకాల నడిచేది వేరే ఈమాక్స్. ఏమీ చెప్పకపోతే అది మీ ఇనిట్ ఫైలంతా చదువుతుంది. థీములు, మెయిలు, ఎక్స్‌పోర్ట్‌తో సంబంధం లేని సరంజామా అంతా, ప్రతిసారీ. ఆర్గ్-ఎక్స్‌పోర్ట్-ఎసింక్-ఇనిట్-ఫైల్‌కు ఒక చిన్న ఫైలు పూర్తి పాత్ ఇస్తే అదొక్కటే చదువుతుంది, ఇంకేదీ ముట్టదు. ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి: పాత ఫైల్లో ఉన్నవి కొత్త ఈమాక్స్‌కు కూడా తెలుసనుకుంటారు.

3. ఆ చిన్న ఫైల్లో మొదటి లైను ప్యాకేజ్-ఇనిషియలైజ్. ఈమాక్స్ 27 నుంచి మామూలుగా తెరిచినప్పుడు ప్యాకేజీలు వాటంతటవే సిద్ధమవుతాయి కాబట్టి ఈ తరం వాళ్లు ఆ లైను చూసే ఉండరు. వెనకాల మాత్రం అడిగితేనే జరుగుతుంది. బయటి నుంచి తెచ్చుకున్న బ్యాకెండ్ ఏదైనా ఉంటే దాన్నీ రిక్వైర్ చెయ్యండి.

4. తెలుగులో రాసేవారికి ప్రత్యేకం. పీడీఎఫ్ కంపైలర్ డిఫాల్టుగా పీడీఎఫ్‌లేటెక్. దానితో తీస్తే తెలుగు ఉండాల్సిన చోట ఖాళీలే. జీలేటెక్ పెట్టుకుని, ఫాంట్‌స్పెక్‌తో నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఫాంటు చూపించాలి. వీటిని ఇనిట్ ఫైల్లో కన్నా పత్రం తలకట్టులోనే లేటెక్-కంపైలర్, లేటెక్-హెడర్ లైన్లుగా రాయడం మేలంటాను. పాఠంతో పాటు అవీ వెళ్తాయి. ఆ కంపైలర్, ఫాంటు ఉన్నచోట ఏ ఈమాక్స్ తీసినా అక్షరాలు పడతాయి.

5. పత్రంలో కోడ్ ముక్కలుంటే నడపాలా వద్దా అని ఆర్గ్ అడుగుతుంది. వెనకాల జవాబిచ్చేవాడు ఎవడూ లేడు, కాబట్టి వద్దనే జవాబు తీసుకుని, ఆ ముక్కలు నడపకుండానే ఎక్స్‌పోర్ట్ ముగిస్తుంది. ఆర్గ్-కన్ఫర్మ్-బేబెల్-ఎవాల్యుయేట్‌ను చిన్న ఫైల్లో నిల్ చేస్తే అడగకుండా నడుపుతుంది. కానీ ఎవరో పంపిన పత్రాలకు ఆ ఫైలు వాడకండి. అందులో ఏ కమాండున్నా మీ మెషీన్ మీద మారుమాట్లాడకుండా నడిచిపోతుంది.

6. హెచ్‌టీఎంఎల్‌లో కోడుకు రంగులు పోయాయా? వెనకాల తెర లేదు కదా, రంగులెక్కడివి! హెచ్‌టీఎంలైజ్ అవుట్‌పుట్‌ను సీఎస్ఎస్‌కు మార్చి, రంగులు స్టైల్‌షీట్‌లో ఇవ్వండి.

7. పని చెడితే ఎక్స్‌పోర్ట్ మెనూలో ‘&’ నొక్కండి, ఎక్స్‌పోర్ట్ స్టాక్ కనిపిస్తుంది. అదీ చాలకపోతే ఆర్గ్-ఎక్స్‌పోర్ట్-ఎసింక్-డీబగ్ ఆన్ చెయ్యండి. ప్రాసెస్ బఫర్, తాత్కాలిక ఫైళ్లు చెరిగిపోకుండా ఉంటాయి. నన్ను అడిగే ముందు ఆ బఫరు చదవండి.

పది పేజీల ఉత్తరాలు, నోట్సులు తీసుకునేవారికి ఈ గొడవ అక్కర్లేదు. ముందు వైపునే తీసుకోండి, అదే త్వరగా అయిపోతుంది.