ఐస్‌క్రీం కొట్టు: లోపల ఏది ఎక్కడ?



ఇల్లు సర్దడం మనకు కొత్త కాదు. పొయ్యి ఎక్కడ ఉండాలో, నీళ్ళ బిందె ఎక్కడ ఉండాలో మనకు తెలుసు. పొయ్యి పక్కన పెరుగు కుండ పెట్టం. ఎందుకు? వేడికి పులిసిపోతుంది. ఆ తెలివితోనే కొట్టు కూడా సర్దవచ్చు.

ఒక పొదుపు సంఘం వాళ్ళు అప్పు తీసుకుని, తమ వీధిలో ఐస్‌క్రీం కొట్టు పెడుతున్నారనుకుందాం. గది పొడవు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. వాకిలి పడమర వైపు ఉంది. చేతిలో డబ్బు కొంచెమే. నెలనెలా వాయిదా కట్టాలి. మరి లోపల ఏది ఎక్కడ పెట్టాలి?

ముందు ముగ్గు వెయ్యండి

సామాను కొనకముందే గది బొమ్మ గీయాలి. కాగితం అక్కర్లేదు. వాకిట్లో ముగ్గుపిండితో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గీయండి. అదే మీ కొట్టు. ఇప్పుడు సామాన్లకు గళ్ళు గీయండి.

ఫ్రీజర్: 4 అడుగులు × 2½ అడుగులు = 10 చదరపు అడుగులు
బల్ల: 5 × 2 = 10 చదరపు అడుగులు
రెండు బెంచీలు: 4 × 1 చొప్పున = 8 చదరపు అడుగులు
చేతులు కడిగే చోటు: 2 × 2 = 4 చదరపు అడుగులు

మొత్తం 32. గది 120 చదరపు అడుగులు. 120లో 32 పోతే 88 మిగిలింది. అది మనుషులు నడిచే చోటు. ఆ ముగ్గులో ఒకసారి నడిచి చూడండి. చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లి లోపలికి వచ్చి తిరగగలదా? లేకపోతే గీత చెరిపి మళ్ళీ గీయండి. ముగ్గు చెరపడానికి ఖర్చు లేదు. గోడ కట్టాక చెరపలేం.

ఫ్రీజర్ చోటు

ఐస్‌క్రీం నిలవ ఉండాలంటే మైనస్ 18 డిగ్రీల చలి కావాలి. నీళ్ళు 0 డిగ్రీల దగ్గర గడ్డ కడతాయి. అంతకంటే ఇంకా 18 డిగ్రీలు కిందికి అన్నమాట. ఫ్రీజర్ లోపలి వేడిని లాగి బయటికి తోస్తుంది. తోసిన వేడి పోవడానికి దారి కావాలి. అందుకే గోడకు ఆనించకూడదు. కనీసం జానెడు దూరం ఉంచండి.

మన కొట్టు వాకిలి పడమర వైపు. మధ్యాహ్నం దాటాక ఎండ లోపలికి కొడుతుంది. కనుక ఫ్రీజర్ వాకిలి దగ్గర వద్దు. బల్ల వెనుక, పక్క గోడ వైపు పెట్టండి. వాకిలి ముందు తాటాకు పందిరి వేస్తే మరీ మంచిది. ఎండ తగిలితే ఫ్రీజర్ ఎక్కువ సేపు పని చేస్తుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది.

చల్లగాలి బరువు. అది కిందే ఉంటుంది. అందుకే పైకి తెరిచే మూత ఉన్న ఫ్రీజర్‌లో చలి తక్కువ పోతుంది. కరెంటు పోతే మూత తెరవవద్దు.

కరిగిపోయిన ఐస్‌క్రీంను మళ్ళీ గడ్డ కట్టించి అమ్మకూడదు. కరిగినప్పుడు అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. చలికి అవి ఎదగవు, అంతేగాని అన్నీ చావవు. తినేది మన వీధి పిల్లలే. నష్టం వచ్చినా పారబొయ్యాలి.

ప్రాణానికి ముప్పు లేకుండా

ఫ్రీజర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. మూడో పిన్ను ఎర్త్ కోసం. అది విరిచేసి పెట్టకూడదు. ఎర్త్ సరిగా ఉందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చేతులు కడిగే చోటు ప్లగ్గుకు దూరంగా ఉండాలి. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దు. నున్నటి టైల్స్ వద్దు. కరిగిన ఐస్‌క్రీం పడితే కాలు జారుతుంది. కొంచెం గరుకు నేల మేలు.

రంగులా, సరుకా?

కొందరు మెరిసే కప్పు వేయించమంటారు. దానికి 6,000 రూపాయలు అవుతుందనుకుందాం. ఒక కప్పు ఐస్‌క్రీం మీద 3 రూపాయలు మిగులుతుందనుకుందాం.

6,000 ÷ 3 = 2,000 కప్పులు.

రోజుకు 40 కప్పులు అమ్మితే ఎన్ని రోజులు? 2,000 ÷ 40 = 50 రోజులు. అంటే వేసవిలో సగానికి పైగా ఆ మెరుపు కోసమే పని చేసినట్టు. మరి వాయిదా ఎవరు కడతారు?

లేత రంగు సున్నం చాలు. గది వెలుతురుగా కనిపిస్తుంది. మురికి పడితే తెలుస్తుంది, తుడుస్తాం. ఎల్.ఇ.డి. బల్బులు వాడండి. పాత బల్బుల కంటే వేడి తక్కువ, కరెంటు తక్కువ. ఒక బెంచీ పిల్లల కాళ్ళు నేలకు ఆనేంత ఎత్తులో చేయించండి. మెట్టు పక్కన వాలు కడితే ముసలివాళ్ళు కూడా రాగలరు. వాకిలి దగ్గర మూత ఉన్న చెత్తబుట్ట పెట్టండి. ఈగలు రావు.

బోర్డు మీరే రాయండి

గోడ మీద ధరల బోర్డు ఉండాలి. ప్యాకెట్ మీద ఎం.ఆర్.పి. అని ధర ఉంటుంది. అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం తినే సరుకు అమ్మే కొట్టు నమోదు చేయించాలి. ఆ కాగితం అందరికీ కనబడేలా పెట్టాలి. వచ్చినవాళ్ళు ఆ కాగితం చదువుతారు. మీరు రాసిన ధరలు చదువుతారు. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చెయ్యి రాసిన బోర్డు అది! పెద్ద అక్షరాలతో రాయండి.

ఆలోచించండి, చెప్పండి

1. ఫ్రీజర్‌ను గోడకు ఎందుకు ఆనించకూడదు?
2. వాకిలి తూర్పు వైపు ఉంటే ఎండ ఎప్పుడు లోపలికి వస్తుంది? అప్పుడు ఏం మారుస్తారు?
3. కప్పుకు 2 రూపాయలే మిగిలితే 6,000 రూపాయలు రావడానికి ఎన్ని కప్పులు అమ్మాలి?
4. మీ సంఘంలో అందరూ కలిసి ఒక గది ముగ్గు గీయండి. ఏది ఎక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో నాలుగు వాక్యాలు రాయండి.